గిట్ట చీలనిది

ఆ ఏడాది దుంపల తవ్వకాలు మొదలైన వారంలోనే, వంటింట్లో ఇక కుయ్‌లు ఉండడానికి వీల్లేదన్నాడు నాన్న.

మా కొండల్లో పొయ్యి ఉన్న ప్రతి ఇంట్లోనూ కుయ్‌లుంటాయి. పిల్లికూనంత ప్రాణులు, తోక ఉండదు, గడ్డి తిని బతుకుతాయి. ఎవరైనా గడ్డిమోపుతో గడప తొక్కితే చాలు, కుయ్ కుయ్ మంటూ ఇల్లెగరగొడతాయి. వాటి అరుపే వాటి పేరు. పెళ్ళికైనా, బిడ్డకు పేరు పెట్టినా, ఇంటి కప్పు వేసినా, ఎదుటి మనిషిని గౌరవించామంటే పళ్ళెంలో కుయ్ పెట్టామనే అర్థం. మా శాతు నాయనమ్మ వాటి మధ్యే పుట్టి పెరిగింది. పెద్దతనంలో మంచం వదిలేసి, పొయ్యి పక్కన గొర్రెతోలు పరుచుకుని వాటి మధ్యే పడుకునేది.

నాన్న చేతిలో దేవుడి పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడి చెప్పాడు. "గిట్ట చీలి ఉండాలి, నెమరు వెయ్యాలి. ఆ రెండూ ఉన్నదే మనిషి తినదగ్గది. దీనికసలు గిట్టే లేదు."

నాయనమ్మ దుంప తొక్క తీస్తూ తలెత్తలేదు. "గిట్ట సంగతి నాకు తెలీదు గానీ, పొద్దుగూకులూ దవడలు ఆడిస్తూనే ఉంటాయిరా. కావాలంటే మీ సభ పెద్ద అబ్దీయాస్‌ని వచ్చి చూసుకోమను."

"అమ్మా, ఇది నవ్వులాట కాదు."

"నేనెక్కడ నవ్వాను? నిన్ను కన్న మర్నాడు మా అత్త నాకు పోసింది కుయ్ రసమే. ఆ పాలే తాగావు నువ్వు. ఇప్పుడు కక్కేస్తావా?"

మధ్యలో అమ్మ అందుకుంది. "తీసేద్దాంలే అత్తా. మా చెల్లెలింటికి తోలేద్దాం. నిమియా, గంపలు తీసుకురావే."

నేను ఆశ్చర్యపోలేదు. నాన్న సారా మాని అప్పటికి ఏడాది కావస్తోంది. శనివారం ప్రార్థనలు చేస్తారని ఊళ్ళోవాళ్ళు వెక్కిరింపుగా శనివారపోళ్ళు అనే ఆ సభలో చేరి, కొండ మీది చెరువులో మంచునీళ్ళలో మునిగి లేచిన రోజునుంచీ ఆయన చుక్క ముట్టలేదు. అంతకు ముందు ఆయన ఎలా ఉండేవాడో చెప్పాలంటే అమ్మ ఎడమ మణికట్టు చూపిస్తే చాలు. అది ఇప్పటికీ పూర్తిగా తిరగదు.

అమ్మ ఆ సభలో చేరలేదు. వాళ్ళ పాటలూ ఆవిడకి ఎక్కలేదు, ఉపన్యాసాలూ ఎక్కలేదు. కానీ వాళ్ళు పెట్టిన ప్రతి నియమానికీ నాన్నకంటే ఎక్కువగా కాపలా కాసేది. చేలో దుంపలేరుతూ నాతో అంది: "సారా, నమిలే కోకా ఆకు, పంది, కుయ్, అన్నిటినీ ఒకే మూటలో కట్టి, ఇవి వద్దు అని మీ నాన్న చేతికిచ్చారే. ఆ మూట ముడి విప్పి ఒక్కటి బయటికి తీశామనుకో, మిగతావి లోపల ఉంటాయన్న నమ్మకం నాకు లేదు."

అందుకే కుయ్‌లు పోయాయి. అన్నీ పోలేదు. నాయనమ్మ కట్టెల వెనక ఒక బుట్ట బోర్లించి కొన్నింటిని దాచుకుంది. ఆ సాయంత్రం నాన్న కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే కట్టెల వెనకనుంచి సన్నగా మొదలుపెట్టాయి. నాన్న ఆగాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాయనమ్మ పొయ్యిలోకి చూస్తూ కూర్చుంది. ఇంట్లో అవి తప్ప ఎవరూ కుయ్‌మనలేదు. నాన్న గొంతు కొంచెం పెంచి ప్రార్థన ముగించాడు, లేచి వెళ్ళిపోయాడు. ఆ బుట్ట సంగతి ఆయన తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. వినిపించలేదనుకోవడానికి వీల్లేదు. నేను ఆ రోజునుంచీ సాయంత్రం కాకముందే వాటికి మేత వేసి నోళ్ళు మూయించేదాన్ని.

*

తవ్వకాలు సగంలో ఉండగా మా అన్న రుఫీనో, ఎల్మీరా నెల తప్పిందని చెప్పాడు.

ఎల్మీరా వాగు అవతలి ఊరి సెవెరో కూతురు. వాళ్ళిద్దరి సంగతీ అందరికీ తెలిసిందే. మాలో అది తప్పుకాదు గానీ, కడుపు బయటపడక ముందే మగపిల్లాడి వైపువాళ్ళు వెళ్ళి మర్యాదగా పిల్లనడగాలి. వండిన కుయ్‌లు, దుంపలు, రొట్టెలు, ఒక సీసా చెరకు సారా బుట్టల్లో పెట్టుకుని వెళ్ళాలి. పిల్లవైపు వాళ్ళు బుట్ట మీది గుడ్డ తీసి చేయి పెట్టారంటే పిల్లనిచ్చినట్టే.

నాన్న సంతోషించాడు. అన్నని దగ్గరికి తీసుకుని వీపు తట్టాడు. ఆ తర్వాత, "పెద్ద పొట్టేలుని కోద్దాం" అన్నాడు.

అన్న ఆయన చెయ్యి విడిపించుకున్నాడు. "పిల్లనడగడానికి గొర్రె మాంసమా?"

"పొట్టేలు తక్కువదా? ఎన్ని కుయ్‌లు కలిపితే ఒక పొట్టేలవుతుంది?"

"లెక్క కాదు నాన్నా అది."

"నేను ముట్టనిది తీసుకెళ్ళి ఎదుటివాళ్ళ నోట్లో ఎలా పెడతాన్రా? అది మర్యాదా?"

అన్న పొట్టేలుని పట్టుకురావడానికి దొడ్లోకి వెళ్ళాడు. ఇప్పుడు ఆలోచిస్తే నాన్న అడిగింది తప్పనలేను.

సెవెరో ఇంటి వాకిట్లో మమ్మల్ని కూర్చోబెట్టారు. ఎల్మీరా లోపలినుంచి రాలేదు. ఆమె తల్లి గ్రిమల్ద వచ్చి బుట్ట మీది గుడ్డ ఒక మూల ఎత్తి చూసింది. అలాగే చూస్తూ ఉండిపోయింది.

"సారా ఏదమ్మా?" అనడిగింది అమ్మని.

"తేలేదు వదినా" అంది అమ్మ, అప్పుడే వరస కలిపి.

"కుయ్‌లు?"

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని తన సంగతంతా నెమ్మదిగా చెప్పాడు. బతిమాలుతున్నట్టు లేదు, గొప్ప చెప్పుకుంటున్నట్టూ లేదు. సెవెరో చివరిదాకా విన్నాడు. గొంతెత్తే మనిషి కాదు. అదే మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది.

"ఫోర్తునాతో, నువ్వు తాగుడు మానినందుకు నాకూ సంతోషమే. ఇది మంచి మాంసం. మా చేలో కూలోళ్ళకి నేనూ ఇదే పెడతాను" అన్నాడు నాన్నని పేరుపెట్టి పిలిచి. "నా పిల్ల సంగతి వేరు. రేపు నీ వంటింట్లో అది పొయ్యి ముట్టించాలి. బిడ్డని కన్నాక పచ్చి ఒంటిమీద ఉన్నదానికి కుయ్ రసం పోస్తారా, లేకపోతే పుస్తకం తెరిచి గిట్టలు వెతుకుతారా? అది నోట్లో పెట్టుకునే ప్రతి ముద్దా పవిత్రమో కాదో ఎవరో చెప్పాలా?"

"అలా ఎందుకవుతుంది" అన్నాడు నాన్న.

"నీ ఇంట్లో కుయ్‌లున్నాయా?"

నాన్న కట్టెల వెనక బుట్ట సంగతి చెప్పగలిగేవాడే. నేను ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను. "లేవు" అన్నాడు.

గ్రిమల్ద గుడ్డని జాగ్రత్తగా మళ్ళీ బుట్ట మీద కప్పింది. అంచులు కూడా లోపలికి దోపింది.

మోసుకెళ్ళిన బరువంతా వెనక్కి మోసుకొచ్చాం. ఇంటికొచ్చి బుట్ట దించాక అన్న అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా: "తాగినప్పుడే నువ్వు నయం నాన్నా. నలుగురిలో కూర్చుని నలుగురు తినేది తినేవాడివి."

అమ్మ చేతిలో ఉన్న దుంపల సంచి వదిలేసింది. దుంపలు నేలంతా దొర్లాయి. అన్నని కొడుతుందేమోననుకున్నాను. కొట్టలేదు. తిరగని ఆ చెయ్యిని అన్న మొహం ముందు పెట్టి, "ఇది నయమా?" అంది.

అన్న కళ్ళనిండా నీళ్ళు. నాన్న అప్పటికే బయటికి వెళ్ళిపోయాడు.

"ఎటెళ్ళాడో చూడు" అంది అమ్మ నాతో, దుంపలేరడానికి వంగుతూ. "పరిగెత్తకు. చూస్తున్నట్టు కనపడకు."

గొర్రెల దొడ్లో ఉన్నాడు నాన్న. గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, అంతే. అమ్మకి అదే చెప్పాను. ఆ వారమంతా నేను చేసిన పని ఇదే, నాన్న ఎక్కడున్నాడో వచ్చి అమ్మకి చెప్పడం. చేలో ఉన్నాడు. కాలవ దగ్గర ఉన్నాడు. కమ్మరి దగ్గర పార సాగదీయిస్తున్నాడు. ఊరి కొట్టు పేరు ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు. ఆ కొట్లో సారా అమ్ముతారు.

అన్న నాన్నతో మాటలు మానేశాడు. దుంపల పని అయిపోగానే సముద్రం వైపు చెరకుతోటల్లో పనికి పోతానని నాయనమ్మతో అన్నాడట. అలా పోయిన మా ఊరి మగపిల్లల్లో తిరిగొచ్చినవాళ్ళు తక్కువ. ఎల్మీరా వాగు దగ్గర ఒకసారి కనిపించింది. శాలువా ముందుకి లాక్కుని పట్టుకుంది. "మీ నాన్నని తిట్టుకోవడం నాకిష్టం లేదు నిమియా. కానీ ఇంకొన్నాళ్ళు పోతే ఈ శాలువా కింద కూడా దాగదు" అంది.

*

తవ్వకాలు ముగిసిన వారం గ్రిమల్ద తన తోడికోడలిచేత కబురు పంపింది. మీరేమీ తేవద్దు, ఊరికే రండి, మేమే వండుతాం. ఫోర్తునాతో అన్నయ్య మా వాకిట్లో కూర్చుని మా చేతి కూడు తింటే పిల్లనిస్తాం. మా పిల్ల మీ ఇంట్లో ఏం తినగలదో మాకు అప్పుడు తెలుస్తుంది.

ఏం వండుతారో ఎవరూ అడగలేదు. భోజనం తర్వాత పెద్దలు ఒకే గ్లాసుతో ఒకరి తర్వాత ఒకరు సారా తాగి సంబంధం ఖాయం చేసుకుంటారని కూడా ఎవరికీ చెప్పనక్కర్లేదు.

నాయనమ్మ గెలిచినట్టు మాట్లాడుతుందనుకున్నాను. ఆవిడ నాన్న పక్కన కూర్చుని మెల్లగా అంది: "తినలేకపోతే ఆకులో చుట్టి ఇంటికి తెచ్చేసుకోరా. పెద్దవాళ్ళు తెచ్చుకుంటారు, అది తప్పుకాదు. నేను తినేస్తాను."

"తీసుకెళ్ళమని పెట్టట్లేదమ్మా వాళ్ళు. తినమని పెడుతున్నారు."

"మరి ఏం చేస్తావు?"

"తెలీదు" అన్నాడు నాన్న. తాగే రోజుల్లో కూడా ఆ మాట ఆయన నోట నేను వినలేదు.

బయల్దేరే ముందు అమ్మ నన్ను ఇంటి వెనక్కి పిలిచింది. "నువ్వు మీ నాన్నకి కుడిపక్క కూర్చో. కుయ్ తింటే తిననీ. గ్లాసు మాత్రం నోటిదాకా వెళ్ళకూడదు. వెళుతోందనిపిస్తే మోచేత్తో తగిలించు. అందరూ నిన్ను తిట్టినా సరే."

"నా చెయ్యి తగలకపోతే?"

"తగలాలి" అంది అమ్మ.

సెవెరో వాకిట్లో ఈసారి చుట్టాలు నిండుగా ఉన్నారు. వేరుశనగపప్పు, ఎండుమిరప కలిపి నూరిన ముద్ద వాసన వీధిలోకి వస్తోంది. చిన్నప్పట్నుంచీ ఆ వాసనకి నోరూరని రోజు లేదు నాకు. ఆ రోజు ఊరలేదు. ఎల్మీరా స్వయంగా పళ్ళెం తెచ్చి నాన్న ముందు పెట్టింది. ఎర్రటి పులుసులో తలా, ముందుకాళ్ళూ ఉన్న కుయ్ సగం. అది ఇంటికొచ్చిన పెద్దమనిషికి పెట్టే భాగం. పెట్టాక ఆమె వెంటనే లోపలికి వెళ్ళిపోవాలి. వెళ్ళలేదు. గుమ్మం పక్కన నిలబడిపోయింది.

నాన్న టోపీ తీశాడు. కళ్ళు మూసుకుని తల వంచాడు. ఎంతసేపలా ఉన్నాడంటే, పులుసు మీద కొవ్వు గడ్డకట్టడం చూశాను. ఎవరో దగ్గారు. అన్న తన పళ్ళెంలోకి చూస్తున్నాడు. అమ్మ నాన్న చేతుల వైపు చూస్తోంది.

నాన్న కళ్ళు తెరిచి, చేయి పెట్టి తిన్నాడు.

నంజుకున్నట్టు కాదు, మొహమాటానికీ కాదు. కాలు విరిచి, ఎముక చుట్టూ నమిలి, చెంప మీది మాంసం వేలితో తీసి, కుయ్‌ని ఎలా తినాలో అలా తిన్నాడు. ఇష్టంగా తిన్నాడా, కష్టంగా తిన్నాడా అని నేను పక్కనుంచి ఎంత చూసినా తెలియలేదు. ఎముకలన్నీ పళ్ళెం ఒక అంచున పేర్చాడు. దుంపతో పులుసు తుడిచి అదీ తినేశాడు. గ్రిమల్ద ఊపిరి వదలడం నాకు వినిపించింది.

"ఇంకొంచెం పెట్టనా అన్నయ్యా?"

"చాలమ్మా. బాగా వండావు."

అంతా ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరో అన్న వీపు మీద చరిచారు. ఆ సందడిలోనే సెవెరో సీసా తీశాడు. తను ముందు తాగి, గ్లాసు నింపి, రెండు చేతులతో నాన్నకి అందించాడు. "పుచ్చుకో బావా."

నాన్న గ్లాసు తీసుకున్నాడు. సారా వాసన నా ముక్కుకే అంత ఘాటుగా తగిలింది, ఆయనకి ఎలా ఉందో. గ్లాసు అంచు దాటి రెండు చుక్కలు ఆయన వేళ్ళ మీద పడ్డాయి. నేను మోచెయ్యి జరిపి పెట్టుకున్నాను. అమ్మ వైపు చూడాలంటే భయమేసింది.

"నీ చేతికి పని లేదులే" అన్నాడు నాన్న, నాకొక్కదానికే వినపడేలా.

అని, గ్లాసు వంచి, సారా మొత్తం నేల మీద పోశాడు.

తాగేముందు నేలతల్లికి ఒక చుక్క విదిలించడం మా పాతవాళ్ళ ఆచారం. శనివారపోళ్ళు దాన్ని ఒప్పుకోరు, రాళ్ళకీ మట్టికీ మొక్కడమంటారు. నాన్న విదిలించలేదు, పోసేశాడు. మట్టి పీల్చుకుని నల్లబడింది.

సెవెరో నాన్నని చూశాడు. మళ్ళీ గ్లాసు నింపి ఇచ్చాడు. నాన్న దాన్నీ పోశాడు. మూడోసారి నింపేటప్పుడు సెవెరో మొహంలో కోపం లేదు.

"మా వాకిలికింత దాహముందని నాకు తెలీదు బావా."

"నాకంటే దానికే అవసరం బావా."

ముందు నాయనమ్మ నవ్వింది. తర్వాత ముసలివాళ్ళంతా నవ్వారు. ఇంత పెద్ద నైవేద్యం ఈ మధ్య ఎవరూ పెట్టలేదని, కొత్త దంపతుల చేను విరగపండుతుందని ఒక ముసలాయన అన్నాడు. నాన్న ఆ మాట విని మొహం దించుకున్నాడు. అమ్మ లేచి గోడ వెనక్కి వెళ్ళింది. నేను వెళ్ళి చూస్తే, వంగి కక్కుకుంటోంది. ఆవిడ ఆ రోజు ఒక్క ముద్ద కూడా తినలేదు, నీళ్ళే వచ్చాయి.

*

ఎల్మీరా కోడలిగా మా ఇంటికొచ్చింది. కట్టెల వెనక బుట్ట తిరగేసి కుయ్‌లను పొయ్యి చుట్టూ వదిలింది నాయనమ్మ. నాన్న అటువైపు రాడు, తినడు, తినేవాళ్ళని ఏమీ అనడు. మేం ఊపిరి పీల్చుకోబోతుండగా అబ్దీయాస్ వచ్చాడు.

ఆయన వడ్రంగి, సభకి పెద్ద. నెమ్మదైన మనిషి. నాన్నని సారాకొట్టు ముందు మట్టిలోంచి లేవదీసి తన ఇంటికి మోసుకెళ్ళింది ఆయనే. అమ్మ ఆయనకి ఉడికించిన దుంపలు పెట్టింది. ఆయన ఒకటి తీసుకుని తినకుండా చేతిలో పట్టుకున్నాడు.

"తమ్ముడూ, కుయ్ తిన్నావట."

"తిన్నానన్నా."

"కొడుకు కోసం తిన్నావు. అది నీకూ దేవుడికీ మధ్య. ఆయన క్షమిస్తాడు. కానీ భూమికి సారా పోశావట, ఒకసారి కాదు, మూడుసార్లు. వాగు అవతల అంతా చెప్పుకుంటున్నారు. శనివారపోళ్ళ ఫోర్తునాతో పాత మొక్కు చెల్లించాడని నవ్వుతున్నారు."

"మొక్కలేదన్నా. పోశానంతే."

"ఎందుకు పోశావు?"

"పోయకపోతే తాగేవాణ్ణి."

అబ్దీయాస్ దుంప తొక్క గోటితో గీరాడు. "నేనొక్కణ్ణయితే ఇది విని లేచి వెళ్ళిపోదును. సభలో అందరూ ఉన్నారు. వాళ్ళ ముందు నిలబడి తప్పయిందని చెప్పు. ఆ మాట చాలు."

ఆ శనివారం నాన్న నిలబడ్డాడట. భూమికి పోసినందుకు తప్పయిందన్నాడట. కుయ్ తిన్నందుకూ చెప్పమని ఎవరో అడిగితే, "ఆ కూడు నా కోడలు తెచ్చి పెట్టింది. దానికి తప్పని చెప్పలేను" అన్నాడట. ఆ మాట మీద వాదన పెరిగింది. చివరికి వానలు వచ్చేదాకా నాన్న సభ లోపలికి రాకూడదని, రొట్టె పంచుకోకూడదని, పాట పాడకూడదని తీర్మానించారు.

ఇదంతా నాన్న ఇంటికొచ్చి చెప్పలేదు. పార తీసుకుని కాలవకి పోయాడు. ఎల్మీరా వాళ్ళ పిన్ని చెబితే తెలిసింది. విన్నాక అమ్మ పొయ్యి దగ్గర కూలబడింది. "మూట వాళ్ళే విప్పేశారు" అంది.

తర్వాతి శనివారం పొద్దున నాన్న ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు, జుట్టు తడిపి దువ్వుకున్నాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. సభకీ సారాకొట్టుకీ ఒకటే దారి. మలుపు తిరిగేదాకా అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత నావైపు చూసింది.

నేను గోడల చాటున వెళ్ళాను. కొట్టు అరుగు మీద కాసిమీరో ఉన్నాడు. పాత రోజుల్లో నాన్నతో కలిసి తాగినవాడు.

"రావోయ్ ఫోర్తునాతో. వాళ్ళు గెంటేశారటగా. ఇంకా ఎవడికోసం ఈ ఇస్త్రీ చొక్కా?"

నాన్న ఆగాడు.

"ఒక్క గ్లాసు. ఈసారి నేల మీద పొయ్యకు, వృథా."

నాన్న అరుగు వైపు రెండడుగులు వేశాడు. నేను గోడ రాయి పట్టుకుని నిలబడ్డాను. ఇక్కడ తగిలించడానికి నా మోచెయ్యి అందదు. నాన్న కాసిమీరోని చూడలేదు. అరుగు మీదున్న గ్లాసులని చూశాడు, ఒకదాని తర్వాత ఒకటి, చాలా సేపు, చనిపోయినవాళ్ళ మొహాలు చూసినట్టు.

"ఆలస్యమవుతోంది" అన్నాడు.

"ఎక్కడికి? నిన్ను రానివ్వరుగా."

"రానివ్వరు" అని ఒప్పుకుని నాన్న ముందుకి నడిచాడు.

సభ ఇంటి తలుపు వేసి ఉంది. లోపల పాట మొదలైంది. నాన్న తలుపు తట్టలేదు. మెట్టు మీద కూర్చుని టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. పాట అయిపోయింది, ఉపన్యాసం అయిపోయింది, ఆయన అలాగే కూర్చున్నాడు. బయటికి వచ్చేవాళ్ళకి దారివ్వడానికి లేచి పక్కకి జరిగాడు. కొందరు పలకరించారు. కొందరు చూడనట్టు వెళ్ళారు.

నేను పరిగెత్తుకుంటూ వచ్చి అమ్మకి చెప్పాను. కొట్టు దగ్గర ఆగాడని చెప్పాను, రెండడుగులు వేశాడనీ చెప్పాను. మెట్టు మీద కూర్చున్నాడన్న మాట దగ్గర అమ్మ నన్ను ఆపి మళ్ళీ చెప్పించుకుంది.

"బయటేనా?"

"బయటే."

"ఎండలోనా?"

"ఎండలోనే."

అన్నీ విని అమ్మ లేచి గొర్రెలకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళింది. వారం వారం అదే జరిగింది. నేను వెనక వెళ్ళడం, కాసిమీరో ఏదో ఒకటి అనడం, నాన్న నడిచిపోవడం. ఎల్మీరాకి నెలలు నిండుతున్నాయి. అన్న చెరకుతోటల మాట ఎత్తడం మానేసి, దొడ్డి పక్కన తనకీ ఎల్మీరాకీ ఒక గది గోడలు లేపాడు. నాన్న మట్టి తొక్కి ఇచ్చాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు గానీ, ఒకరి చేతిలోంచి ఒకరు ఇటుకలందుకునేవాళ్ళు. అమ్మ మాత్రం ఇంకా ప్రతి సాయంత్రం నాన్న గడప తొక్కే అడుగుల చప్పుడు వినడానికి చేతిలో పని ఆపేసేది. అడుగులు తిన్నగా పడుతున్నాయని తెలిశాకే మళ్ళీ పని మొదలుపెట్టేది.

ఆ ఏడాది వానలు ముందే వచ్చాయి. మొదటి వాన ఒక శనివారం పొద్దున పట్టుకుంది, చలిగాలితో, వడగళ్ళతో. నాన్న వెళ్ళిపోయాక అమ్మ కాసేపు వాకిట్లో నిలబడి ఆకాశం చూసింది. నేను శాలువా కప్పుకుని బయల్దేరబోతుంటే, "నువ్వుండు" అంది. పొయ్యి పక్క ఆరేసిన ఉన్ని దుప్పటి తీసుకుని తనే వెళ్ళింది. ఉండబుద్ధి కాక నేనూ వెనకాలే వెళ్ళాను.

నాన్న మెట్టు మీద తడుస్తూ కూర్చున్నాడు. వానలు వచ్చినా ఆయన శిక్ష పూర్తయిందని ఎవరూ పిలవలేదు, ఆయనా లేచి తలుపు తట్టలేదు. అమ్మ వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"వాన పడిందిగా. లోపలికి రమ్మన్నారా?"

"ఇంకా లేదు."

"అయితే జరుగు" అంది అమ్మ.

నాన్న జరిగాడు. అమ్మ ఆ పక్కనే కూర్చుని దుప్పటి ఇద్దరి మీదా కప్పింది. కొట్టు అరుగు మీద ఆ రోజు ఎవరూ లేరు. లోపల ఎవరో తలుపు తీశారు. అబ్దీయాస్ బయటికి తొంగిచూసి, ఇద్దరినీ చూశాడు. తలుపు తెరిచే ఉంచి, గాలికి కొట్టుకోకుండా ఒక బల్ల అడ్డం లాగి వెనక్కి వెళ్ళాడు.

పాట మొదలైంది. వానజల్లు లోపలిదాకా కొడుతోంది. వెనక వరసల్లో కూర్చున్న ఆడవాళ్ళు శాలువాలు తల మీదికి లాక్కున్నారు, పిల్లల్ని ఒళ్ళోకి తీసుకున్నారు. తలుపు వెయ్యమని ఎవరూ అనలేదు.